కోటుకి ఎర్ర పాపీ పెట్టుకోవాలా, వద్దా? ఆఫీసులో ఇబ్బందిగా ఉంది

రెడింగ్_రవళి
ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళయింది. అక్టోబర్ నెలాఖరు నుంచి ఇక్కడ అందరి కోట్ల మీదా ఎర్ర కాగితం పువ్వు కనిపిస్తుంది కదా, పాపీ అని. యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకుంటారు. మా ఆఫీసు రిసెప్షన్‌లో పువ్వుల పెట్టె, పక్కన చందా డబ్బా పెట్టారు. పోయినేడాది విషయం తెలియకుండానే రెండు పౌండ్లు వేసి ఒకటి పెట్టుకున్నాను. ఈసారి కూర్చుని చదివాను. ఆ డబ్బు బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ వెళ్తుందని తెలిశాక చెయ్యి ముందుకు పోలేదు. మా ముత్తాత ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ దెబ్బలు తిని జైలుకెళ్ళిన మనిషి. ఊళ్ళో మా ఇంట్లో ఆయన ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంటుంది.

నిన్న మీటింగ్‌లో చూస్తే నాకొక్కదానికే పువ్వు లేదు. టీమ్‌లో ఒక పెద్దాయన "నీ పువ్వు ఎక్కడైనా పడిపోయిందా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. కానీ అందరూ నా వైపు తిరిగారు. "అవును, పడిపోయినట్టుంది" అని అబద్ధం చెప్పేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టుకోనందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు. వచ్చే మంగళవారం, నవంబర్ 11న, అంటే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజున, ఆఫీసులో పదకొండింటికి రెండు నిమిషాల మౌనం ఉంది. ఇక్కడున్న మీరంతా ఏం చేస్తున్నారు?

స్లౌ_శీను
పెట్టేసుకోండి. పదిహేనేళ్ళుగా పెట్టుకుంటున్నాను, నాకేం నష్టం జరగలేదు. పనిచేసే చోట పువ్వు గురించి టెన్షన్ ఎందుకు? ఏ ఊరు వెళ్తే ఆ ఊరి పద్ధతి.

కృష్ణాతీరం
శీను గారూ, టెన్షన్ వద్దని పెట్టుకుంటే అది చనిపోయినవాళ్ళ కోసం పెట్టుకున్నట్టా, పక్కసీటు ఆయన కోసం పెట్టుకున్నట్టా? రవళి గారికి తోచకపోతే వద్దు. అది చట్టం కాదు, యూనిఫారమూ కాదు.

స్లౌ_శీను
అంత దూరం ఆలోచించి ఎవరు పెట్టుకుంటారండీ. గుడికి వెళ్తే బొట్టు పెడతారు, పెట్టించుకుంటాం.

పాతకాగితాలు
పెట్టుకోవడం, మానడం తర్వాత. ముందు అది ఎక్కడ మొదలైందో చూద్దాం. ఈ పువ్వు మన వంటింట్లో గసగసాలిచ్చే మొక్కకి దగ్గర చుట్టం, కానీ అదే మొక్క కాదు. పొలాల్లో కలుపులా మొలిచే ఎర్ర పువ్వు. దీని గింజ ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోతుంది, నేల తిరగబడితే మొలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పొలాలను ఫిరంగి గుండ్లు దున్నేశాయి. సమాధుల మధ్య ఎక్కడ చూసినా ఇదే పూసింది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జాన్ మెక్‌క్రే అనే కెనడా సైనిక వైద్యుడు దాని మీద పద్యం రాశాడు. అది చదివి 1918లో మొయినా మైకేల్ అనే అమెరికన్ టీచరు మొదట తను పెట్టుకుంది. ఆనా గేరాన్ అనే ఫ్రెంచ్ మహిళ గుడ్డ పువ్వులు చేయించి యుద్ధంలో నష్టపోయిన కుటుంబాల కోసం అమ్మింది. బ్రిటన్‌లో రాయల్ బ్రిటిష్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం 1921లో ఏర్పడింది, అదే ఏడాది పువ్వు మొదలైంది. మరుసటేడు, చేతులో కాళ్ళో పోగొట్టుకున్న మాజీ సైనికులకు పని దొరకాలని పువ్వులు చేసే ఫ్యాక్టరీ పెట్టారు.

రవళి గారు చదివిన దాంట్లో బహుశా లేని మాట ఒకటి. ఆ ఈప్ర్ దగ్గరే 1914 అక్టోబర్‌లో మన సిపాయిలు ఉన్నారు. నూలు బట్టల్లో, ఆ చలిలో. మొత్తం యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి దాదాపు 13 లక్షల మంది వెళ్ళారు, సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. కాబట్టి 'బ్రిటిష్ సైనికుల పువ్వు' అన్నది సగం నిజం.

మన్యం_వీచిక
మిగతా సగం నేను చెప్తాను. ఆ 13 లక్షల మందిని పంపింది మనం కాదు. యుద్ధానికి సాయం చేస్తే స్వపరిపాలన ఇస్తారని మన నాయకులు ఆశపడ్డారు. యుద్ధం అయ్యాక ఇచ్చింది రౌలట్ చట్టం, 1919లో జలియన్‌వాలాబాగ్. మా మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదకి తోలింది అస్సాం రైఫిల్స్‌ని, మలబార్ పోలీసుల్ని. 1924 మే 7న ఆయన్ని చెట్టుకి కట్టి కాల్చారు. ఆ ప్రభుత్వ సైన్యం కోసం పుట్టిన పువ్వుని నా చొక్కాకి గుచ్చుకోను. నేను బర్మింగ్‌హామ్‌లో ఉన్నాను, పన్ను కడుతున్నాను, పక్కింటి ముసలాయనకి మందులు తెచ్చిపెడతాను. పువ్వు మాత్రం పెట్టుకోను.

పాతకాగితాలు
వీచిక గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే. అయితే అల్లూరి మీదకి వచ్చిన అస్సాం రైఫిల్స్ వాళ్ళు, జలియన్‌వాలాబాగ్‌లో తుపాకీ పేల్చిన గూర్ఖా, బలూచీ సిపాయిలు, ఫ్రాన్స్ బురదలో చచ్చిపోయినవాళ్ళు ఒకలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. పొలం చాలక, జీతం కోసం చేరినవాళ్ళు. వాళ్ళని ఏ లెక్కలో వేద్దాం?

మన్యం_వీచిక
జాలి పడదాం. జాలి పడటానికి బ్యాడ్జీ అక్కర్లేదు.

గ్లాస్గో_గీత
చిన్న విషయం. మా స్కాట్లాండ్ పువ్వుకి నాలుగు రేకులు, ఆకు ఉండదు. ఇంగ్లండ్‌లో కొన్న పువ్వు పెట్టుకుని ఆఫీసుకి వెళ్తే అక్కడి ఆవిడొకరు "అది ఇక్కడిది కాదమ్మా" అని తన పువ్వు తీసి నాకు పెట్టింది. రవళి గారికి ఒక పువ్వుతోనే కష్టం, మాకు రెండు.

స్లౌ_శీను
గీత గారూ, ఆ గుండుసూది సంగతి ఎవరూ చెప్పరేం? ప్రతి ఏడూ రెండు పువ్వులు నిజంగానే పడిపోతాయి. రవళి గారు చెప్పింది అందరూ నమ్మే ఉంటారు.

రెడింగ్_రవళి
గీత గారూ 🙂 శీను గారూ, నమ్మారనే నా బాధ.
వీచిక గారు రాసింది చదువుతుంటే నా మనసులో మాటే అనిపించింది. పాతకాగితాలు గారిది చదివితే అదీ కాదనలేకపోతున్నాను.

మాధవరం_మనవడు
మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు. నేను లెస్టర్‌లో ఉంటాను. ప్రతి ఏడూ పాపీ పెట్టుకుంటాను, ఎందుకో చెప్తాను.

మా ముత్తాత తమ్ముడు మొదటి జర్మనీ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇంటికి ఒక కాగితం వచ్చిందట, అది చెదలు తినేసింది. ఏ రోజు పోయాడో తెలియదు. తిథి తెలియదు కాబట్టి మహాలయ అమావాస్య నాడు మిగతా వాళ్ళతో పాటు ఆయన పేరు చెప్పి తర్పణం వదులుతారు. మా నాన్న ఇప్పటికీ వదులుతున్నాడు. పెళ్ళి కూడా కాని ఇరవై ఏళ్ళ కుర్రాడు, నూరేళ్ళు దాటాక కూడా మా ఇంట్లో నీళ్ళు అందుకుంటున్నాడు.

ఇక్కడికి వచ్చాక ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందేమోనని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాను. అప్పుడు తెలిసింది. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు ఒక్కొక్కటీ చెక్కారు. మనవాళ్ళలో అధికారుల పేర్లు మాత్రం చెక్కి, మామూలు సిపాయిలని పటాలం పేరు, పక్కన ఇంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. మా చినతాత ఒక అంకెలో ఉన్నాడు. అంకెలో ఎన్నోవాడో కూడా తెలియదు.

ఆ పువ్వు పెట్టుకున్నప్పుడు ఇక్కడివాళ్ళు ఎవరైనా "నీకెవరు?" అని అడుగుతారు. అప్పుడు ఆయన పేరు చెప్తాను. పైకి, గట్టిగా. ఏడాదికి నలుగురైనా వింటారు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

కృష్ణాతీరం
మనవడు గారూ, మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి.

మన్యం_వీచిక
మనవడు గారూ, మీ బాధ నాకు అర్థమైంది, పెద్దాయన మీద గౌరవమే. కానీ మీరే చూడండి. పేరు చెక్కడానికి కూడా పనికిరాడనుకున్న వాళ్ళ గుర్తుని, ఆయన తరఫున మీరు మోయడం ఏమిటి? నాకైతే కోపం వచ్చేది.

మాధవరం_మనవడు
వచ్చింది. ఇంకా ఉంది. 2021లో ఆ కమిషన్ వాళ్ళే నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పారు. కనీసం 1,16,000 మందిని, ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళే ఎక్కువ, పేరుతో గుర్తించలేదనీ అసలు గుర్తించనేలేదనీ ఒప్పుకున్నారు. ఆ రోజు మా నాన్నకి ఫోన్ చేసి చెప్తే "ఒప్పుకున్నారా, మంచిది" అని పెట్టేశాడు.
నేను పెట్టుకోకపోతే ఎవరికి నష్టం, వీచికా? వాళ్ళకేం కాదు. ఆ గుంపులో మావాడు ఉన్నాడన్న సంగతి పోతుంది, అంతే. పువ్వు వాళ్ళదని నేను వదిలేస్తే చచ్చిపోయినవాడిని కూడా వాళ్ళకే వదిలేసినట్టు.

మన్యం_వీచిక
దీనికి వెంటనే జవాబు చెప్పలేను. ఆలోచించి రాస్తాను.

బెల్‌ఫాస్ట్_సునీత
నేను ఉత్తర ఐర్లాండ్‌లో నర్సుని. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి పాపీ అంటే ఆనవాయితీ. ఇక్కడ అది నీ ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పే గుర్తు. బ్రిటన్‌తో ఉండాలనే వాళ్ళు పాపీ పెట్టుకుంటారు. ఐర్లాండ్‌లో కలవాలనే వాళ్ళు చాలామంది పెట్టుకోరు, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటులో పోయినవాళ్ళ కోసం ఈస్టర్ నాడు తెల్ల లిల్లీ బ్యాడ్జీ పెట్టుకుంటారు. వచ్చిన మొదటి ఏడాది నేను అమాయకంగా పాపీతో ఒక పేషెంట్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఏమీ అనలేదు. టీ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు మాత్రం "మా అన్న డెర్రీలో పోయాడమ్మా, 1972లో" అంది. అంతే. అదే ఏడాది జనవరి 30న అక్కడ ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపారు, ఆ రోజే 13 మంది పోయారు. ఆవిడ అన్న ఆ రోజు పోయాడా, ఇంకెప్పుడైనానా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి జేమ్స్ మెక్‌లీన్ తెలుసు కదా, డెర్రీ వాడు. 2012 నుంచి పాపీ ఉన్న జెర్సీ వేసుకోనన్నాడు. రెండు ప్రపంచ యుద్ధాల వాళ్ళ కోసమే అయితే వేసుకుంటాను, ఆ తర్వాత యుద్ధాలన్నిటికీ కలిపి అంటున్నారు, అందులో మా ఊరూ ఉంది అన్నాడు. ఏటా నవంబర్‌లో స్టేడియంలో జనం అతన్ని బూతులు తిట్టేవాళ్ళు.

అలాగని ఒక వైపే చెప్పను. 1987 నవంబర్‌లో ఎనిస్‌కిల్లెన్‌లో సరిగ్గా స్మారక ఆదివారం నాడే (11కి దగ్గరి ఆదివారం), స్తూపం దగ్గర నిలబడ్డ జనం మధ్య, బ్రిటిష్ పాలన మీద ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలి 11 మంది పోయారు. మామూలు జనమే ఎక్కువ, పెద్దవాళ్ళు. మా వార్డులో ఆ ఊరి ఆవిడ ఉంది, పాపీ లేకుండా ఇంట్లోంచి బయటికి రాదు. నేను ఇద్దరి బీపీ చూస్తాను. అందుకని డ్యూటీలో ఏ పువ్వూ పెట్టుకోను. చందా మాత్రం డబ్బాలో వేస్తాను, పువ్వు తీసుకోకుండా.

గుంటూరు_ఘాటు
నేను ఇండియాలోనే ఉంటాను కాబట్టి బయటి మాట అనుకోండి. ఆ దేశం జీతం ఇస్తోంది, పిల్లలకి చదువు ఇస్తోంది. ఒక కాగితం పువ్వుకి ఇంత చర్చా? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

కృష్ణాతీరం
ఘాటు గారూ, రవళి గారు పనిచేస్తేనే జీతం ఇస్తున్నారు, ఊరికే కాదు. తెల్లవాళ్ళలోనే పెట్టుకోని వాళ్ళు బోలెడు మంది ఉన్నారు. జాన్ స్నో అని ఇక్కడ పేరున్న టీవీ వార్తల ఆయన, తెర మీద పాపీ పెట్టుకోనని చెప్పి, బలవంతం చేసేవాళ్ళని గట్టిగానే కడిగేశాడు, 2006లో. ఆయన తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడా?

అడ్మిన్
దేశభక్తి ఎవరికి ఎంత ఉందో ఇక్కడ కొలవద్దు. విషయం మీదే ఉండండి.

కోరంగి_కుర్రోడు
ఎర్రది కాక తెల్ల పాపీ కూడా ఉందని ఎవరూ అనలేదేం? నేను అదే పెట్టుకుంటాను. ఎందుకో చెప్పాలంటే మా జేజమ్మ కథ చెప్పాలి.

మాది కాకినాడ పక్కన. మా వైపు పాతకాలంలో ప్రతి ఊరి నుంచీ కూలికి రంగం వెళ్ళేవాళ్ళు, అంటే బర్మా, రంగూన్. కోరంగి రేవు నుంచి పడవెక్కేవాళ్ళు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవాళ్ళు. మా జేజమ్మ అక్కడే పుట్టింది. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకీ తెల్లవాళ్ళకీ దొరికింది. మావాళ్ళు నడిచారు. అడవులు, కొండలు దాటి, మణిపూర్ వైపు. నెలల తరబడి. దారిలో కలరా. జేజమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. చెల్లెల్ని వాళ్ళమ్మ చంకనేసుకుని నడిచిందట, ఒక పొద్దున్న చూస్తే పిల్ల లేదు, పోయింది. గొయ్యి తీయడానికి కూడా బలం లేక ఆకులు కప్పి వచ్చేశారు. జేజమ్మ చనిపోయే ముందు వరకు ఎవరైనా చంటిపిల్ల నిద్రపోతుంటే ఊరికే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఆ పిల్ల ఏ సైన్యంలో ఉంది? ఏ స్తూపం మీద ఉంది? ఎర్ర పాపీ సైనికుల్ని తలుచుకోవడానికి పుట్టింది, అది తప్పని నేనను. 1933లో ఇక్కడి సహకార సంఘాల మహిళలు తెల్ల పువ్వు మొదలుపెట్టారు. మొదటి యుద్ధంలో మొగుళ్ళు, కొడుకులు, అన్నదమ్ములు పోయిన ఆడవాళ్ళు. మళ్ళీ యుద్ధం రాకూడదు అన్నదే వాళ్ళ మాట. ఇప్పుడు పీస్ ప్లెడ్జ్ యూనియన్ అనే యుద్ధ వ్యతిరేక సంస్థ వాళ్ళు పంచుతారు. సైనికులనీ, మామూలు జనాన్నీ, ఏ దేశం వాళ్ళనైనా అందరినీ కలిపి తలుచుకోవడానికి. నేను రెండేళ్ళుగా అదే పెట్టుకుంటున్నాను.

స్లౌ_శీను
కుర్రోడూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ తెల్లది పెట్టుకుంటే ఎర్రది పెట్టుకున్నవాళ్ళని కించపరిచినట్టని ఇక్కడ కొందరు అనుకుంటారు. జాగ్రత్త.

కోరంగి_కుర్రోడు
ఒకాయన అన్నాడు బస్సులో. మాజీ సైనికుడు, రొమ్ము మీద పతకాలున్నాయి. "అది మాకు అవమానం" అన్నాడు. జేజమ్మ చెల్లెలి సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు "బర్మాలో మా బాబాయి ఉన్నాడు" అన్నాడు. ఒప్పుకున్నాడని కాదు. అంతకంటే ఎక్కువ నేను అడగలేను.

వైజాగ్_అల
1942 ఏప్రిల్ 6న మా విశాఖ మీదా, కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. మా తాత వాళ్ళు బండి కట్టుకుని పల్లెలకి పారిపోయారు. ఇప్పుడు బీచ్‌లో 1971 యుద్ధం స్మారకం దగ్గర రోజూ వందల మంది సెల్ఫీలు తీసుకుంటారు, 1942 గురించి అడిగితే పదిమందిలో ఒక్కరికి కూడా తెలియదు. గుర్తు లేకపోతే ఇంతే.

గోల్కొండ_గల్లీ
ఢిల్లీల తీన్‌మూర్తి చౌక్ చూసిన్రా? ఆ మూడు బొమ్మల్ల ఒకటి మన హైదరాబాద్ లాన్సర్స్ సిపాయిది. మిగతా రెండు జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళవి. మొదటి యుద్ధంల పాలస్తీనా, ఈజిప్టు దిక్కు పోయిన గుర్రపు దళాలు. నేను ఢిల్లీల ఆరేండ్లున్న, రోజూ ఆ చౌరస్తా మీదికెల్లే బస్సుల పోయేటోణ్ణి, తెల్వదు. లండన్ వచ్చినంక తెల్సింది.

వరంగల్_వాసు
అసలు మనకే ఒక గుర్తు ఉంది కదా. డిసెంబర్ 7, పతాక దినోత్సవం. 1949 నుంచి ఉంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా, మూడు దళాలకి మూడు రంగులు. డబ్బు మాజీ సైనికులకీ, యుద్ధంలో భర్తలు పోయిన ఆడవాళ్ళకీ వెళ్తుంది. మేం చదువుకున్న బడిలో సారు తరగతికి యాభై జెండాలు లెక్కపెట్టి ఇచ్చేవాడు, అన్నీ అమ్మాల్సిందే. అమ్మకపోతే బయట నిలబెట్టేవాడు. మా అమ్మ కూలి డబ్బుల్లోంచి రూపాయి ఇచ్చింది. ఆ జెండా ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. ఇప్పుడు గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు లాంటి వాళ్ళని తలుచుకున్నప్పుడు అనిపిస్తుంది, ఆ రోజు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ జెండాని జాగ్రత్తగా దాచుకునేవాణ్ణి. బలవంతంగా గుచ్చిన దేనికైనా ఇదే గతి, పాపీ అయినా జెండా అయినా.

హారో_అరవింద
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మా నాన్న ఇండియన్ ఆర్మీలో హవల్దారు. 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్ళాడు, జాఫ్నాలో మందుపాతర పేలి కాలు పోయింది. ఆ రెండున్నరేళ్ళలో మనవాళ్ళు దాదాపు 1200 మంది పోయారు. నాన్నతో పాటు జీపులో ఉన్న ముగ్గురూ పోయారు.

ఇక్కడ మా పక్కింట్లో జాఫ్నా తమిళ కుటుంబం. పన్నెండేళ్ళ స్నేహం. వాళ్ళింట్లో ఇడ్లీ, మా ఇంట్లో పులిహోర. ప్రతి నవంబర్ 27న ఆ ఇంటి ఆవిడ ఎరుపు పసుపు కలిసిన పువ్వు పెట్టుకుంటుంది. మనం అగ్నిశిఖ అంటాం, వాళ్ళు కార్తిగై పువ్వు. తమిళ పులుల పోరాటంలో పోయినవాళ్ళ రోజు అది. నాన్న వాళ్ళు శ్రీలంకలో తలపడింది ఆ పులులతోనే. ఆవిడ తమ్ముడు అందులో పోయాడు. ఏ సంవత్సరం అని నేను అడగలేదు. నాన్న ఒకసారి నవంబర్‌లోనే ఇక్కడికి వచ్చాడు. ఆ పువ్వు చూశాడు, అదేమిటో ఆయనకి తెలుసు. నాకు కాళ్ళు వణికాయి. ఆయన కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, "ఎవరమ్మా?" అని అడిగాడు తమిళంలో. "తంబి" అందావిడ. నాన్న అక్కడే కాసేపు నిలబడి లోపలికి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. కోపమా, బాధా నాకు చెప్పలేదు, ఇప్పుడు అడుగుదామన్నా లేడు.

నేను ఎర్ర పాపీ పెట్టుకుంటాను, ఆవిడ ఏమీ అనదు. ఆవిడ తన పువ్వు పెట్టుకుంటుంది, నేను తలుపు వేసుకోను. ఇంతకంటే నాకు చేతకాదు.

బెల్‌ఫాస్ట్_సునీత
అరవింద గారూ... మా ఊరివాళ్ళందరికీ ఇది చదివి వినిపించాలని ఉంది.

మన్యం_వీచిక
ఆలోచించి రాస్తానన్నాను కదా. మనవడు గారి మాటా, అరవింద గారి మాటా చదివాక కూడా నేను పెట్టుకోను. అది మారలేదు. కానీ 'జాలి పడదాం' అన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాలి కాదు వాళ్ళకి కావలసింది. మనవడు గారూ, మీ చినతాత గారి పేరేమిటి?

మాధవరం_మనవడు
సుబ్బన్న. అడిగినందుకు చాలా సంతోషం.

గ్లాస్గో_గీత
2018లో లీజియన్ వాళ్ళే ఖద్దరుతో పాపీ చేశారు, భారతీయ సైనికుల కోసం. ఆ ఏడు మా ఆయన పెట్టుకున్నాడు. గాంధీ గారి నూలు, బ్రిటిష్ వాళ్ళ పువ్వు. రవళి గారి ముత్తాత ఏమనేవారో మరి.

కృష్ణాతీరం
మన దేశంలో బంతిపువ్వు పెట్టుకుందాం అని సైనిక చరిత్ర చూసే వాళ్ళు కొందరు అన్నారు. నాకు అది నచ్చింది. గుమ్మానికీ అదే, పాడెకీ అదే.

రెడింగ్_రవళి
మంగళవారం జరిగింది చెప్తాను. పువ్వు పెట్టుకోలేదు. పదకొండింటికి అందరితో పాటు లేచి నిలబడ్డాను. మొదటి నిమిషం ముత్తాతని తలుచుకున్నాను. రెండో నిమిషంలో, ఎందుకో తెలియదు, సుబ్బన్న గారూ ఆకులు కప్పిన ఆ పాపా గుర్తొచ్చారు.

తర్వాత ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. పువ్వు పడిపోలేదు, నేనే పెట్టుకోలేదు, మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడు అని. ఆయన మొహం ఎర్రబడింది. "నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది, నీకిద్దామని అడిగాను, అంతే" అన్నాడు. జేబులోంచి తీసి చూపించాడు కూడా. తర్వాత ముత్తాత పేరు అడిగాడు, స్పెల్లింగుతో సహా. లంచ్‌లో ఉప్పు సత్యాగ్రహం గురించి చదువుతూ కనిపించాడు.

వచ్చే ఏడు ఏం చేస్తానో తెలియదు. అబద్ధం మాత్రం చెప్పను.

మాధవరం_మనవడు
రవళీ, చాలు తల్లీ.
బ్రైటన్ పక్కన కొండ మీద ఛత్రీ అని ఉంది. మొదటి యుద్ధంలో అక్కడి రాజభవనాన్ని భారతీయ సైనికులకి ఆసుపత్రిగా మార్చారు. బ్రైటన్ ఆసుపత్రుల్లో పోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులకి ఆ కొండ మీదే దహనం చేశారు. అక్కడే 1921లో తెల్లరాతి మండపం కట్టారు. ప్రతి జూన్‌లో అక్కడ కార్యక్రమం చేస్తారు. వచ్చే ఏడు మా నాన్నని తీసుకెళ్ళాలనుకుంటున్నాను. ఎవరైనా వస్తారా? ఏ పువ్వు పెట్టుకొచ్చినా, పెట్టుకోకపోయినా సరే.

కోరంగి_కుర్రోడు
నేను వస్తాను. తెల్లదే.

మన్యం_వీచిక
నేనూ. పువ్వు లేకుండా. కారులో ఇద్దరికి చోటుంది, బర్మింగ్‌హామ్ నుంచి.

హారో_అరవింద
మా పక్కింటావిడని కూడా అడిగి చెప్తాను.

గ్లాస్గో_గీత
అంత దూరం నేను రాలేను, ఫొటోలు పెట్టండి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, కారు పైదాకా పోదు. పాచమ్ నుంచి గడ్డి దారిలో నడవాలి, ఎక్కుడు ఉంది. మనవడు గారూ, మీ నాన్నగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మాధవరం_మనవడు
బాగాలేవు. అడిగాను, "నడుస్తాను" అన్నాడు.